ఇచ్చిపుచ్చుకోవడం: తెలుగు పల్లెలో ఆయం, మేర, వెట్టి

ఈ పాఠం మొదలుపెట్టే ముందు మీ ఇంట్లో బీరువాలో గానీ పాత ట్రంకుపెట్టెలో గానీ ఒక పుస్తకం కోసం వెతకండి. మీ పెళ్ళిదో, అక్క పెళ్ళిదో, అమ్మానాన్నల పెళ్ళిదో చదివింపుల పుస్తకం. ఎవరు ఏ ఊరి నుంచి వచ్చారు, ఎంత చదివించారు, రొక్కమా, గిన్నెలా, చీరా అన్నది అందులో వరుసగా రాసి ఉంటుంది. పెళ్ళి అయిపోయిన తరువాత కూడా ఆ పుస్తకాన్ని పారేయరు. చదివించినవారి ఇంట్లో శుభకార్యం వచ్చినప్పుడు తీసి చూస్తారు. వారు నూట పదహార్లు చదివించి ఉంటే మనం అంతకు తగ్గకూడదు. అలాగని మర్నాడే వెళ్ళి ఆ నూట పదహార్లు వారి చేతిలో పెడితే అది మర్యాద కాదు, అవమానం. కొంత కాలం గడవాలి, తగిన సందర్భం రావాలి. కానుక అంటాం, కాని లెక్క రాసుకుంటాం. అప్పులాగే ఉంటుంది, కాని అప్పు అనం.

చరిత్ర విద్యార్థికి ఇది కూడా ఒక ఆధారపత్రమే. శాసనాలు, ఫర్మానాలు మాత్రమే ఆధారాలనే అలవాటు మనలో ఇంకా పూర్తిగా పోలేదు కనుక ఈ మాట ముందే చెబుతున్నాను.

ఈ విషయానికి తెలుగులో ఉన్న మాటలే ఎంతో చెబుతాయి. 'ఇచ్చిపుచ్చుకోవడం'లో ఇవ్వడం, తీసుకోవడం రెండూ కలిసి ఒకే పనిగా మారాయి. పిల్లనిచ్చి పిల్లను తెచ్చుకునే కుటుంబాల విషయంలోనూ ఇదే మాట వాడతాం. 'బదులు' మనకు ఉర్దూ ద్వారా వచ్చిన మాట. బదులు చెప్పడమంటే జవాబివ్వడం, చేబదులంటే వడ్డీ లేని చిన్న అప్పు, ఒకరి బదులు మరొకరు వెళ్ళడమంటే ఆ స్థానంలో నిలబడడం. ఇక 'మామూలు' సంగతి మీకు తెలుసు. ఆనవాయితీ అనే అర్థమున్న ఆ మాట ఆఫీసు బల్ల దగ్గరికి వచ్చేసరికి లంచమైంది. ఇచ్చిపుచ్చుకునే సంబంధాలు కాలక్రమంలో ఎలా మారతాయో చెప్పడానికి ఈ ఒక్క మాట చరిత్ర చాలు.

ఈ పాఠంలో మనం వేసుకునే ప్రశ్న ఒక్కటే. ఇచ్చినదానికి ప్రతిగా ఏది రావాలి, ఎంత రావాలి, ఎప్పుడు రావాలి అన్నది ఎవరు నిర్ణయిస్తారు? ఈ ప్రశ్న వేయకుండా పాత పల్లెటూళ్ళ గురించి మాట్లాడితే రెండు రకాల పొరపాట్లకు అవకాశముంది. అందరూ ఒకరికొకరుగా బతికారని పొంగిపోవడం ఒకటి, అంతా దోపిడీయే అని ఒక్క మాటతో కొట్టివేయడం రెండోది.

కానుక వెనుక ఉన్న బాధ్యత

ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త మార్సెల్ మోస్ 1925లో కానుక గురించి ఒక దీర్ఘ వ్యాసం ప్రచురించాడు. పైకి స్వచ్ఛందంగా కనిపించే కానుకలో మూడు బాధ్యతలు దాగి ఉన్నాయని ఆయన వాదన: ఇవ్వవలసిన బాధ్యత, పుచ్చుకోవలసిన బాధ్యత, తిరిగి ఇవ్వవలసిన బాధ్యత. ఇవ్వనివాడు పిసినారి అనిపించుకుంటాడు. ఇస్తే పుచ్చుకోనివాడు తగవు పెట్టుకున్నట్టే. తిరిగి ఇవ్వలేనివాడు చిన్నబోతాడు. అంతకు మూడేళ్ళ ముందు, 1922లో, మాలినోవ్‌స్కీ ట్రోబ్రియాండ్ దీవుల 'కులా' గురించి రాశాడు. (మన 'కులం'తో దీనికి ఏ సంబంధమూ లేదు. పరీక్షల్లో ఈ రెండింటినీ కలిపి రాసినవారిని చూశాను.) అక్కడ గవ్వల దండలు ఒక దిక్కుగా, గవ్వ కడియాలు దానికి ఎదురు దిక్కుగా దీవి నుంచి దీవికి చేతులు మారుతూ పోయేవి. ఎవరూ వాటిని శాశ్వతంగా దాచుకోరు. వస్తువు కంటే దాని వెంట సాగే సంబంధమే వారికి ముఖ్యం.

మోస్ తన వ్యాసంలో మహాభారతంలోని అనుశాసన పర్వాన్ని కూడా చర్చించాడు. దానధర్మాల గురించి మన గ్రంథాలు చెప్పేది ఆయన సూత్రానికి కొంత అడ్డం తిరుగుతుంది. భగవద్గీత 17వ అధ్యాయం తిరిగి ఉపకారం చేయనివారికి ఇచ్చిన దానాన్ని సాత్త్వికమని, ప్రత్యుపకారం ఆశించి ఇచ్చినదాన్ని రాజసమని విభజిస్తుంది. అంటే తిరిగి రాని దానమే గొప్పది, తిరిగి వచ్చేది రెండో తరగతిది. ఆదర్శంగా ఇది ఉన్నతమైనదే. కాని పల్లె మనుగడ ఆ రెండో తరగతి ఇచ్చిపుచ్చుకోవడం మీదనే నడిచింది. నాగలి చెక్కినవాడికి ధాన్యం అందకపోతే వచ్చే ఏడు నాగలి ఉండదు కదా.

కళ్ళంలో రాశి

పంట కోసి, కుప్ప వేసి, నూర్చి, తూర్పారబట్టిన తరువాత కళ్ళంలో ధాన్యం రాశిగా పోసేవారు. ఆ రోజు రాశి చుట్టూ రైతు ఒక్కడే ఉండేవాడు కాదు. వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, చాకలి, మంగలి, చెరువు నీళ్ళు పంచే నీరటి, కావలి కాసే తలారి, తోలుపని చేసే మాదిగ, పంచాంగం చెప్పే పురోహితుడు, లెక్కలు రాసే కరణం, ఊరిపెద్ద రెడ్డి, ఇలా ఎందరికో ఆ రాశిలో వాటా ఉండేది. వీరిని ఆయగాండ్రు అన్నారు. వారి వాటాను ఆయం, మేర అన్నారు. పన్నెండు మంది ఆయగాండ్రు అనడం పరిపాటి. అయితే పాత జాబితాలు పోల్చి చూస్తే పేర్లు ఊరికీ ఊరికీ మారతాయి. పన్నెండు అన్నది లెక్క కంటే ఆనవాయితీ అనుకోవడం మంచిది.

ఈ పద్ధతిలో చేసిన ప్రతి పనికీ వెల కట్టరు. కర్రు ఎన్నిసార్లు మొద్దుబారితే కమ్మరి అన్నిసార్లు పదును పెట్టాలి. మేడి విరిగితే వడ్రంగి వెంటనే రావాలి. మోటకు తోలు బొక్కెన, పశువులకు పట్టెడలు, మనుషులకు చెప్పులు మాదిగ అందించాలి. ఏడాదంతా చేసిన ఈ పనులకు ప్రతిగా కళ్ళంలో ఇన్ని కుంచాలని కొలిచి ఇస్తారు. పంట బాగా పండితే అందరికీ సరిపడా అందుతుంది, ఎండిపోతే అందరి వాటా తగ్గుతుంది. వీటికి తోడు కొందరికి పన్ను లేని లేదా తక్కువ పన్ను ఉన్న మాన్యం భూములు ఉండేవి. చెరువు తవ్వించినవారికి, మరమ్మతు చేయించినవారికి దాని ఆయకట్టు నుంచి దక్కే దశబంధ మాన్యం కూడా ఈ కోవలోదే. చెరువు ఇచ్చినవాడికి చెరువు నీటితో పండిన పంటే బదులిస్తుంది.

ఇక కొలత సంగతి. నాలుగు మానికలు ఒక కుంచం, నాలుగు కుంచాలు ఒక తూము, ఇరవై తూములు ఒక పుట్టి. ఈ లెక్క మీ తాతయ్యలకు నోటికి వచ్చు. అయితే కుంచం పరిమాణం అన్ని ఊళ్ళలోనూ ఒకటి కాదు. ఒకే ఊళ్ళో ఒకే కుంచంతో కొలిచినా, గోపురంలా నిండుగా పోసి ఇవ్వడం వేరు, అంచుకు సమంగా చేత్తో తుడిచి ఇవ్వడం వేరు. తుడిచే చెయ్యి ఎవరిది? కొలపాత్ర ఎవరి ఇంట్లో ఉంటుంది? 'ఇన్ని కుంచాలు' అని కాగితం మీద ఉన్న అంకె ఈ రెండు ప్రశ్నలకూ జవాబు చెప్పదు. కాగితం మీద సమంగా కనిపించిన ఇచ్చిపుచ్చుకోవడం కళ్ళంలో ఎటో ఒక వైపు మొగ్గేది ఇక్కడే.

వాటా ఎంత అన్నది ఒక ఎత్తు, దాన్ని ఏ తీరున ఇచ్చారన్నది మరో ఎత్తు. పురోహితుడికి గౌరవంగా అందించిన ధాన్యమే దళితుడికి దూరం నుంచి చెంగులో పోసేవారు. రాశిని ముట్టుకునే హక్కు అతనికి లేదు. ఆ పొలానికి నీళ్ళు తోడిన బొక్కెన కుట్టింది అతనే, పశువులకు పట్టెడ కట్టింది అతనే. తన శ్రమ కలిసిన ధాన్యానికే అతను అంటరానివాడయ్యాడు. ఆయం పద్ధతిని పరస్పర సహకారమని వర్ణించే పుస్తకాలు చదివేటప్పుడు ఈ చెంగును మరచిపోకండి.

రాశి నుంచి రైతు గాదెలోకి

ఈ పద్ధతి కథలో నా దృష్టిలో ముఖ్యమైన మలుపు 18వ శతాబ్దం చివర, 19వ శతాబ్దం మొదట వచ్చింది. పాఠ్యపుస్తకాల్లో దీనికి ఒకటి రెండు వాక్యాల కంటే చోటు దొరకదు. అందుకే ఇక్కడ కాస్త నెమ్మదిగా చదవమంటాను.

మద్రాసు దగ్గరి చెంగల్పట్టు కలెక్టరు లయొనెల్ ప్లేస్ 1799లో ఇచ్చిన నివేదికలో ఆనాటి పంపకాల తీరు కనిపిస్తుంది. కళ్ళంలో రాశి పోసిన తరువాత రాజుకూ రైతుకూ భాగాలు పంచే ముందే గ్రామ సేవకుల మేరలు తీసేవారు. దీని అర్థం ఏమిటో ఆలోచించండి. వడ్రంగి వాటా రైతు తన గాదెలోంచి తీసి పెట్టేది కాదు, మొత్తం రాశిలోంచి పోయేది. అది రైతు దయ కాదు, పంట మీద వడ్రంగికి ఉన్న హక్కు. రాజుగారి వాటా కూడా దాని తరువాతే.

1800లో నిజాం నుంచి కంపెనీ చేతికి వచ్చిన దత్తమండలాలకు థామస్ మన్రో ప్రధాన కలెక్టరుగా ఉన్నాడు. 1807 వరకు ఆయన అక్కడే పనిచేశాడు. ఆయన పేరుతో ముడిపడిన రైత్వారీ పద్ధతిలో పొలాన్ని కొలిచి, దానికి నగదు శిస్తు కట్టి, ఆ శిస్తుకు రైతును నేరుగా బాధ్యుణ్ణి చేశారు. సర్కారుకు ఇక రాశితో పని లేదు. పంట ఎంత పండిందన్నది రైతు చూసుకోవాలి, శిస్తు రొక్కం మాత్రం కచేరీకి చేరాలి. రాశి ముందు సర్కారు మనిషి నిలబడడం మానేసిన రోజున వడ్రంగి, చాకలి రైతుతో ఒంటరిగా మిగిలారు. మేర ఆగలేదు, మరో శతాబ్దం పైగా నడిచింది. కాని దాని స్వభావం మారింది. మొత్తం రాశిలోంచి ముందుగా పోయిన వాటా ఇప్పుడు శిస్తు భారం మోస్తున్న రైతు తన భాగంలోంచి తీసి ఇచ్చేదైంది. హక్కు మెల్లగా ఉపకారమైంది. పైకి అదే కళ్ళం, అదే కుంచం, అవే ధాన్యం గింజలు. మార్పు కనిపించకపోవడానికి కారణం కూడా ఇదే.

మాన్యాల విషయంలోనూ ఇలాంటిదే జరిగింది. 1858లో మద్రాసు ప్రభుత్వం ఇనాం కమిషన్ వేసి, మాన్యాలను ఒక్కొక్కటిగా విచారించింది. సేవకూ భూమికీ మధ్య ఉన్న ముడి చాలా చోట్ల ఆ విచారణతో సడలింది. కరణం, మునసబు వంటి పైస్థాయి ఆయగాండ్రు క్రమంగా జీతం తీసుకునే సర్కారు మనుషులయ్యారు. 1895లో వంశపారంపర్య గ్రామోద్యోగాలకు మద్రాసులో చట్టం వచ్చింది. అలా బలపడిన కరణం, మునసబు పదవులు, తెలంగాణలోని పటేల్ పట్వారీ పదవులు 1984 జనవరిలో రామారావు ప్రభుత్వం ఆర్డినెన్సుతో రద్దు చేసేదాకా కొనసాగాయి. ఒకే రాశిలో వాటాదారులుగా మొదలైనవారిలో కొందరు అధికారులయ్యారు, మరికొందరు అడిగి పుచ్చుకునేవారయ్యారు.

సరిగ్గా ఈ మార్పు జరుగుతున్న కాలంలోనే పల్లె గురించి ఒక అందమైన బొమ్మ తయారైంది. 1810లో మార్క్ విల్క్స్ తన మైసూరు చరిత్రలో పన్నెండు మంది ఆయగాండ్రను వర్ణించాడు. 1812లో బ్రిటిష్ పార్లమెంటుకు సమర్పించిన 'ఐదో నివేదిక' అలాంటి జాబితానే ఇచ్చి, అనాదిగా ప్రజలు ఈ సరళమైన ఏర్పాటు కింద బతికారని చెప్పింది. ఆ జాబితాలో వైద్యుడు, నాట్యగత్తె, కవి కూడా ఉన్నారు. 1830లో చార్లెస్ మెట్‌కాఫ్ పల్లెలను చిన్న గణతంత్రాలతో పోల్చాడు. విల్క్స్ వర్ణన కార్ల్ మార్క్స్ 'పెట్టుబడి' గ్రంథం దాకా ప్రయాణించింది. వీరందరి వర్ణనల్లోనూ పల్లె మార్పు లేనిది, తనకు తాను చాలినది. కంపెనీ శిస్తు దాన్ని అప్పటికే మారుస్తోందన్న సంగతి ఆ వర్ణనల్లో కనిపించదు.

వెట్టి

ఆయగాండ్ర జాబితాల్లో కొన్నిచోట్ల 'వెట్టివాడు' అన్న పేరు కూడా కనిపిస్తుంది. కబురు చేరవేసేవాడు, బరువులు మోసేవాడు. ఈ 'వెట్టి' సంస్కృతంలోని 'విష్టి' నుంచి వచ్చిందని పండితులు చెబుతారు. విష్టి అంటే కూలి ఇవ్వకుండా చేయించుకునే పని. క్రీ.శ. 150 నాటి రుద్రదాముని జునాగఢ్ శాసనంలో ఆ మాట ఉంది. సుదర్శన తటాకం కట్ట తెగితే, ప్రజలను కరం, విష్టి, ప్రణయం పేరుతో పీడించకుండా తన సొమ్ముతోనే బాగు చేయించానని ఆ రాజు చెప్పుకున్నాడు. గుజరాత్ శాసనమైనా ఇందులోని మూడో మాట మన పాఠానికి బాగా పనికివస్తుంది. ప్రణయమంటే ప్రేమ. ప్రజలు రాజు మీద ప్రేమతో ఇచ్చినట్టుగా వసూలు చేసే పన్నుకు ఆ పేరు పెట్టారు. ఇవ్వక తప్పని దానికి కానుక పేరు తగిలించడం ఎంత పాతదో చూడండి.

నిజాం పాలనలోని తెలంగాణలో వెట్టి ఒక్క కులానికో ఒక్క పనికో పరిమితం కాలేదు. పుచ్చలపల్లి సుందరయ్య 1972లో వెలువరించిన తెలంగాణ పోరాట చరిత్రలో దీని వివరాలు ఉన్నాయి. దళిత కుటుంబాలు కబుర్లు, బరువులు మోయాలి, గడీలో చాకిరీ చేయాలి. చాకలి బట్టలు ఉతకాలి, కుమ్మరి కుండలివ్వాలి, గీత కార్మికుడు కల్లు పోయాలి, గొల్లవారు గొర్రెలివ్వాలి, సాలెవారు బట్టలివ్వాలి. దొర ఇంట్లో పెళ్ళైతే ఊరంతా కానుకలు తేవాలి, అధికారి ఊళ్ళోకి వస్తే కోళ్ళూ మేకలూ సమకూర్చాలి. అప్పు కింద తరతరాలు జీతగాళ్ళుగా ఉండిపోయిన భగేలాల సంగతి వేరే చెప్పాలి. వారి ఒప్పందాలను నియంత్రించడానికి నిజాం ప్రభుత్వం కూడా చట్టం చేయవలసి వచ్చింది. ఊళ్ళో దాని ప్రభావం మాత్రం స్వల్పం.

పైన చెప్పిన పనుల జాబితాను కళ్ళం దగ్గర చూసిన జాబితాతో పోల్చండి. మనుషులు వారే, పనులు కూడా దాదాపు అవే. చాకలి అక్కడా బట్టలే ఉతికాడు, ఇక్కడా బట్టలే ఉతికాడు. మాన్యమిచ్చాం కదా, తరతరాల అనుబంధం కదా అని వెట్టిని సమర్థించుకోవడం సాధ్యమైంది ఇందువల్లనే. తేడా పనిలో లేదు. బదులు ఏమిటో, ఎప్పుడో, అసలు ఉంటుందో లేదో ఒక్క వైపు నుంచే నిర్ణయమైంది. కాదనే వీలు రెండో వైపుకు లేదు. అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త ఆల్విన్ గౌల్డ్నర్ 1960లో రాసిన వ్యాసంలో ఈ సంగతిని చర్చించాడు. బలాబలాల్లో తేడా పెద్దదైనప్పుడు బలవంతుడు బదులివ్వకుండానే పుచ్చుకోగలడు, సంబంధం అయినా తెగదు.

తెగకుండా ఉన్న ఆ సంబంధాన్ని తెంచడానికి ఉద్యమం కావలసి వచ్చింది. 1921లో హైదరాబాదులో ఆంధ్ర జన సంఘం ఏర్పడింది. దాని నుంచి ఎదిగిన ఆంధ్ర మహాసభ తొలి సమావేశం 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జరిగింది. వెట్టి నిర్మూలన ఆ సంస్థ పదే పదే చేసిన డిమాండు. మొదట అర్జీలు, తీర్మానాలు. 1944లో భువనగిరి సభ తరువాత అది ఊరూరా 'సంగం'గా మారింది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య కాల్పుల్లో మరణించాక సాయుధ పోరాటం వైపు మళ్ళింది. 1950లో అమలులోకి వచ్చిన భారత రాజ్యాంగం 23వ అధికరణంలో వెట్టిచాకిరీని నిషేధించింది. అప్పు కింద కట్టివేసిన శ్రమను రద్దు చేసే చట్టం రావడానికి 1976 దాకా పట్టింది.

పండితుల వాదం

విలియం వైజర్ 1936లో ఉత్తరప్రదేశ్‌లోని కరీంపూర్ గ్రామం ఆధారంగా జజ్మానీ వ్యవస్థ మీద పుస్తకం రాశాడు. ప్రతి కులమూ మరో కులానికి సేవ చేసి సేవ పొందుతుందని, అదంతా పరస్పరమని ఆయన భావన. 1959లో థామస్ బైడెల్మన్ దీన్ని తిప్పికొట్టాడు. భూమి ఎవరి చేతిలో ఉందో వారి మాటే అక్కడ చెల్లిందని వాదించాడు. నాకు బైడెల్మన్ వాదమే దగ్గరగా అనిపిస్తుంది. కాని కమ్మరికి కరువు ఏట దొరికిన నాలుగు గింజల భద్రతను అది తక్కువగా చూస్తుందన్న విమర్శలో నిజం లేకపోలేదు.

మీకు ఒక హెచ్చరిక. పరీక్షలో తెలుగు పల్లె గురించి రాస్తూ 'జజ్మానీ' అని రాసేయకండి. జజ్మానీలో సంబంధం కుటుంబానికీ కుటుంబానికీ మధ్య ఉంటుంది. మన ఆయం, మహారాష్ట్రలోని బలుతా ప్రధానంగా మొత్తం ఊరికీ ఆ వృత్తివారికీ మధ్య కుదిరినవి. జజ్మానీ వ్యవస్థ అనాదిది కాదని, 19వ శతాబ్దం చివర రూపుదిద్దుకున్నదని పీటర్ మేయర్ 1993లో వాదించాడు కూడా. హైదరాబాదు దగ్గరి శామీర్‌పేట మీద శ్యామాచరణ్ దూబే 1955లో ప్రచురించిన గ్రంథం మన ప్రాంతానికి సంబంధించినది. వీలైతే అధ్యయన కేంద్రం గ్రంథాలయంలో అడగండి.

ఈ సంబంధాలన్నీ అసమానమైనవేనా అంటే, కాదు. ఒంటెద్దు ఉన్న ఇద్దరు రైతులు ఎద్దులు కలిపి దున్నుకోవడం, నాట్లకూ కలుపుకూ ఒకరి పొలంలోకి మరొకరు బదులు పనికి వెళ్ళడం ఉండనే ఉన్నాయి. అక్కడ కొలత ఒక రోజుకు ఒక రోజు. ఆ కొలత ఇద్దరికీ తెలుసు, ఇద్దరి చేతిలోనూ ఉంది. ఒకరు ఎగ్గొడితే వచ్చే ఏడు రెండోవారు రారు, అంతే.

మేరలు ఎలా పోయాయో చూస్తే ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. కరెంటు మోటారు రాగానే మోట మూలపడింది, దానితోపాటు తోలు బొక్కెన కుట్టేవాడి వాటా పోయింది. స్టీలు గిన్నెలు కుమ్మరి వాటాను, ట్రాక్టరు వడ్రంగి, కమ్మరుల వాటాను తీసేశాయి. ఏ రైతూ వడ్రంగిని పిలిచి, తరతరాల ఒప్పందం రద్దు చేసుకుంటున్నానని చెప్పలేదు. చెప్పవలసిన అవసరం ఉందని కూడా ఎవరికీ తోచలేదు. అంతకు ముందు వడ్రంగి ఊరు విడిచి పట్నం పోతానంటే అది ఊరి కట్టుబాటు తప్పడం. రైతు ట్రాక్టరు కొంటే అది అభివృద్ధి. ఒకే సంబంధంలోంచి ఇద్దరు బయటికి వచ్చారు, రెండింటికీ వేర్వేరు పేర్లు పెట్టాం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

మీ ఊళ్ళోగానీ మీ బంధువుల ఊళ్ళోగానీ డెబ్భై ఏళ్ళు దాటిన ఇద్దరితో మాట్లాడండి. ఒకరు కళ్ళంలో ధాన్యం కొలిచి ఇచ్చిన కుటుంబానికి చెందినవారు, మరొకరు చెంగు పట్టి పుచ్చుకున్న కుటుంబానికి చెందినవారు అయి ఉండాలి. ఎన్ని కుంచాలు, ఏ కుంచం, ఎవరు కొలిచేవారు, ఎప్పుడు ఆగిపోయింది అని ఇద్దరినీ విడివిడిగా అడిగి, వారు చెప్పిన మాటల్లోనే రాసుకోండి. ఇద్దరి జవాబులూ ఎక్కడ కలవలేదో గుర్తించి, అందుకు కారణం ఏమై ఉంటుందో ఒక పేజీకి మించకుండా రాసి కాంటాక్టు తరగతికి తీసుకురండి.